అవతలి రెండు కొసలు

తడి దుప్పటి బరువు చూసినవాళ్ళకి తెలియదు, పట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఉతికే యంత్రం కడుపులోంచి బయటికొచ్చేసరికి ఆసుపత్రి దుప్పట్లన్నీ ఒకదాన్నొకటి కావలించుకుని, బిగదొక్కిన గడ్డిమోపులా గట్టిపడి ఉంటాయి. ఆ ముద్దలోంచి ఒక కొస వెతికి పట్టుకోవాలి. దాని జోడు కొస దొరకబుచ్చుకోవాలి. అవతలి రెండు కొసలు అవతలి మనిషి అందుకోవాలి. ఇద్దరూ ఒక్క ఊపున పైకెత్తి ఒక్క ఊపున కిందికి కొడితే ‘ఫట్’మని ముడతలన్నీ విడిపోతాయి. అప్పుడు దాన్ని పొగలు కక్కే రోలర్ల కిందికి పోనివ్వాలి. అది పోయిందనుకునేలోగా ఇంకొకటి.

కోవెంట్రీ ఊరి చివర ఉన్న లాండ్రీలో కాంతం రెండేళ్ళుగా చేస్తున్న పని ఇదే. అవతలి కొసలు పట్టుకునే మనిషి సబీహా.

కాంతంది బాపట్ల దగ్గర పల్లె. మొగుడు రమణ కార్ల విడిభాగాల కంపెనీలో డిజైన్ ఇంజనీరు. పొద్దస్తమానం ఫ్లాట్‌లో కూర్చుని వాన లెక్కపెట్టలేక ఈ పనిలో చేరింది. సబీహాది ఇరాక్‌లో బస్రా. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొడగరి, తలకి ఎప్పుడూ నల్ల గుడ్డ. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే. ఒకరి తప్పులు ఒకరికి అలవాటైపోయి, అదే ఒక భాషయింది. దుప్పటి దులపడానికి అదీ అక్కర్లేదు. సబీహా గడ్డం కొంచెం పైకెత్తితే కాంతం ఎత్తుతుంది. దించితే కొడుతుంది. జోడెడ్లకి ములుకోల అవసరమా?

పోయిన చలికాలం నుంచి కాంతం కుడి భుజం లేవడం మానేసింది. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు. “ఈ దేశంలో చలికి చెరువులే కాదు, భుజాలు కూడా గడ్డకడతాయి కాబోలు” అని రమణతో అని నవ్వింది గానీ, ఆ రాత్రి జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోలేదు. లాండ్రీలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సబీహాకి చెప్పే పనే పడలేదు. కాంతం చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూసి, మర్నాటి నుంచి తన కొసల్ని కూడా అంత ఎత్తులోనే ఆపడం మొదలుపెట్టింది. అంత పొడుగు మనిషి మోచేతులు మడిచి, నడుం కొంచెం వంచి, పొట్టిదానిలా దులిపేది. దుప్పటి సగమే రెపరెపలాడేది. అయినా ముడతలు విడిపోయేవి. ఆ ఆసరాతోనే కాంతం ఇన్నాళ్ళూ నెట్టుకొస్తోంది.

అట్లాంటిది, గురువారం షిఫ్టు అయ్యే వేళకి చలపతి వచ్చి కొత్త రూలు చదివాడు. సోమవారం నుంచి మనిషికో షీటు. జంటలుండవు. ఎవరి ముద్ద వాళ్ళదే, ఎవరి దులుపుడు వాళ్ళదే.

చలపతి షిఫ్టు సూపర్వైజరు. పొన్నూరు కుర్రాడు. ఇక్కడే ఎంబీఏ చదివాడు, వీసా ఈ లాండ్రీ వాళ్ళే ఇప్పించారు. కాంతానికి ఈ పని చూసిపెట్టిందీ అతనే. నోరారా అక్కా అని పిలుస్తాడు, ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి అన్నం తినిపోతాడు.

“చలపతీ, ఒక్కదాన్ని ఎట్టా దులపనయ్యా దీన్ని? గోచీగుడ్డనుకున్నావా?” అంది కాంతం, తెలుగులో, నెమ్మదిగా.

“నా చేతుల్లో ఏముందక్కా? పై మేనేజరు పట్టుకొచ్చిన రూలు. నేను చదివానంతే.”

“చదవడానికి బానే ఉంటది. దులిపి చూడు.”

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. సబీహాకి తెలుగు రాకపోయినా ఆ నవ్వు అర్థమైంది. అతను తలుపు దాటేదాకా చూసింది, తర్వాత చేతులకున్న తడి గౌనుకి తుడుచుకుంది.

*

శుక్రవారం బ్రేకులో సాత్విక ఫోన్ చూస్తూ కూర్చుంది. సాత్వికది కరీంనగర్ వైపు. ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చదివి, చదువుకు తగ్గ పని దొరక్క ఈ తడిగుడ్డల్లో పడింది.

“కాంతమాంటీ, ఇది చూశిన్రా? ఊరేగింపులల్ల ఈ మాట అనొచ్చునా, అనొద్దా అని టీవీల కొట్లాడుతున్నరు. ఇంతిఫాదా అంట.”

“నాకేం తెలుసే. అది అరబ్బీ. ఆవిణ్ణడుగు.”

సాత్విక ఇంగ్లీషులోకి మారి సబీహాని అడిగింది. సబీహా నోట్లో రొట్టె ఉంది. అది నమిలేదాకా పలకలేదు. పలుకుతుందన్న ఆశ వదులుకుని సాత్విక మళ్ళీ ఫోన్లోకి వెళ్ళబోతుంటే, రొట్టె చుట్టి తెచ్చుకున్న గుడ్డ తీసుకుని సబీహా లేచింది. పెరటి తలుపు తీసింది. గుమ్మంలో నిలబడి ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసింది. తర్వాత రెండు కొసలు పట్టుకుని గుడ్డ దులిపింది. రొట్టెముక్కలు రాలాయి. ఎక్కణ్ణుంచి చూసిందో, ఒక పావురం దిగింది.

“ఇదే. మా అమ్మ రోజూ చేసేది. అన్నం తిన్న గుడ్డ వాకిట్లోకి తెచ్చి నఫదత్. దులిపింది, అని. ఆ మాటకి మూలం ఇదే. నాలుగు మెతుకులు, ఒక గుడ్డ.”

“గంతేనా?” అంది సాత్విక, తెలుగులోనే.

సబీహా తిరిగొచ్చి కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది, ఆ వయసు వాళ్ళు కూర్చున్నట్టు.

“ఒకరు ఒకదాన్ని దులిపితే నఫద. ఒకటి తనంతట తాను దులుపుకుంటే ఇంతఫద. వానలో తడిసిన పిచ్చుక రెక్కలు విదుల్చుకుంటుందే, అది. చలిజ్వరం వచ్చిన మనిషి ఒళ్ళు మంచంతో సహా కొట్టుకుంటుందే, దానికీ మా భాషలో ఆ మాటే. పిచ్చుక కావాలని చేస్తుంది. జ్వరం మనిషి కావాలని చెయ్యడు. ఆగలేక వస్తుంది.”

కాంతానికి హుషారు పుట్టింది. “అయితే మా గేదె కాలవలోంచి లేచి చేసేదీ అదే. మేం దులపరించుకోవడం అంటాం. పక్కన నిలబడ్డోడికి ఆ పూట స్నానమే.”

“గేదెలు మాకూ ఉన్నాయి” అంది సబీహా. “బస్రా పక్కన నీళ్ళ నేలలు. రెల్లుగడ్డిలో పొద్దంతా మునిగే ఉంటాయి. బయటికొచ్చి ఇట్లా...” అని భుజాలు కుదిపింది. ఆ పొడుగు మనిషి గేదెలా కుదుపుతుంటే పోలండ్ ఆవిడ ఇవోనా కూడా టీ కప్పు కింద పెట్టి నవ్వింది.

సాత్విక వదల్లేదు. “మరి ఊరేగింపుల్లో అనేది?”

సబీహా మొహంలో నవ్వు తగ్గింది. కోపం రాలేదు. ఎన్నోసారో చెప్పాల్సి వచ్చిన మనిషిలా ఊపిరి తీసుకుంది.

“జనం మీద పేరుకున్నదాన్ని జనం దులుపుకోబోతే, దానికీ ఆ పేరే పెట్టారు. పాలస్తీనా వాళ్ళది లోకమంతా విన్నది. మా బస్రాలో తొంభై ఒకటిలో ప్రభుత్వం మీద లేచింది ఎవరికి తెలుసు? షాబాన్ నెలలో వచ్చింది కాబట్టి షాబాన్ ఇంతిఫాదా అంటాం మేము. మా అన్న వెళ్ళాడు. గుమ్మంలో చెప్పులు వదిలి బూట్లేసుకుని వెళ్ళాడు. మా అమ్మ పోయేదాకా ఆ చెప్పుల దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది.”

పెరట్లో పావురం ముక్కల్ని ఏరుకుంటోంది.

“మా కింది ఫ్లాట్‌లో రూత్ అని యూదు ముసలావిడ ఉంది” అంది మళ్ళీ సబీహా. “నాకు మోకాళ్ళ నొప్పి ఎక్కువైనప్పుడు ఆవిడే బ్రెడ్డు తెచ్చిపెడుతుంది. టీవీలో ఆ మాట వినపడితే టీవీ కట్టేస్తుంది. ఆవిడ చెల్లెలి కూతురు అక్కడ బస్సులో పోయింది. ఆ మాట పేరు చెప్పి పేల్చిన బస్సులో. నేను ఆవిడ ముందు ఆ మాట అనను. ఆవిడ భయం అబద్ధం కాదు. మా అన్న చెప్పులూ అబద్ధం కాదు. మా అమ్మ గుడ్డ దులిపేముందు గాలి ఎటుందో చూసుకునేది, పక్కింటివాళ్ళ మొహాన పడకూడదని. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళూ చూడటం లేదు, తిట్టేవాళ్ళూ చూడటం లేదు.”

“మా ఊళ్ళోనూ అంతే. మొహమ్మీద గుడ్డ దులిపితే తగువే” అంది కాంతం. తర్వాత తన కుడి భుజం ఎడమచేత్తో పట్టుకుంది. “అదంతా సరేగానీ, సోమవారం నుంచి నేనొక్కదాన్నీ ఎట్టా దులపను?”

“దులపకు” అంది సబీహా.

“ఏంటీ?”

“సోమవారం వచ్చి ఎప్పట్లాగే నిలబడదాం. ఇద్దరం, ఒక దుప్పటి. కేకలొద్దు, అట్టముక్కల మీద రాతలొద్దు. నిన్నటి పనే చేద్దాం. రేపటి పని చెయ్యొద్దు. ఏమంటారో చూద్దాం.”

ఇవోనా తలూపింది. సాత్విక ఫోన్ జేబులో పెట్టుకుంది. గంట మోగింది. ఆ సాయంత్రం దుప్పట్లు ఎప్పటికంటే తేలిగ్గా లేచినట్టు అనిపించింది కాంతానికి. లేవలేదు. తడిగుడ్డ తడిగుడ్డే.

*

ఆదివారం మధ్యాహ్నం చలపతి భోజనానికి వచ్చాడు. గోంగూర మాంసం వండింది. రమణ, చలపతి ఎదురెదురుగా కూర్చుని తింటుంటే కాంతం వడ్డిస్తోంది. చలపతి వాళ్ళమ్మ గురించి చెబుతున్నాడు. మినుము నూర్చాక కళ్ళంలో పరిచిన బరకాలు దులపడానికి తనకి జోడుగా ఎవర్నీ రానిచ్చేది కాదట, చిన్నప్పటి నుంచీ చలపతే ఉండాలట. అవతలివాళ్ళు సరిగ్గా కొట్టకపోతే గింజ మడతల్లో ఉండిపోతుందని ఆవిడ భయం.

“ఇంకొంచెం కూరెయ్యక్కా. ఈ ఊళ్ళో నాకు అమ్మవైనా నువ్వే” అన్నాడు.

కాంతం గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. రేపు పొద్దున తామంతా కలిసి ఈ పిల్లాడి పని ఆపబోతున్నారు. ఇవాళ తన ఇంట్లో తన చేతి అన్నం తింటున్నాడు. అన్నం పెట్టే చేత్తో మాటు వెయ్యకూడదని వాళ్ళ నాయనమ్మ అనేది. పగవాడికైనా కబురు పెట్టి రమ్మనేవాళ్ళట ఆ రోజుల్లో. మనవాడికి చెప్పకుండా చెయ్యడం ఏం మర్యాద? చెబితే ఇతనే పైవాళ్ళతో ముందుగా ఓ మాట అనుకుంటాడేమో, గొడవ లేకుండా సర్దుకుంటుందేమో. ఇట్లా అనుకునేసరికి నోరు తెరుచుకుంది.

“చలపతీ, రేపు మేం జంటలుగానే నిలబడతామయ్యా. నీ మీద కోపంతో కాదు. చెప్పకుండా చేస్తే బాగోదని చెబుతున్నా.”

చలపతి నమలడం ఆపాడు. “మేం అంటే?”

“మేమే. అందరం.”

అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ శుక్రవారం విన్న ముచ్చట రెండ్రోజులుగా లోపల ఊరుతోంది. రమణకి చెబితే ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా ఊఁ కొట్టాడు. వినే చెవి దొరికింది కదా అని మొదలుపెట్టింది. రొట్టెగుడ్డ, పావురం, గేదె, అన్న చెప్పులు, అన్నీ చెప్పింది. ఆ మాటకి అర్థం ఇదంటయ్యా, దులపరించుకోవడమంట, ఎంత బాగుందో చూడు, అంది. చలపతి పెరుగన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

“ఆ మాట సబీహా లాండ్రీలో చెప్పిందా? బ్రేకు రూములో?”

“అర్థం అడిగితే చెప్పింది. అందులో తప్పేముంది?”

“తప్పని నేనన్నానా.”

లేచి చెయ్యి కడుక్కున్నాడు. టవలు ఇస్తే తుడుచుకున్నాడు, వేలూ వేలూ. గోంగూర పచ్చడి డబ్బా ఇస్తే తీసుకున్నాడు. వెళ్ళొస్తానక్కా అన్నాడు.

తలుపు మూసొచ్చాక రమణ అన్నాడు: “నీ నోట్లో నువ్వుగింజ నానదే.”

“నేనేం పేరు చెప్పలేదు.”

“మిగిలిందేముంది?”

*

సోమవారం సబీహా రాలేదు.

కాంతం రోలర్ల ముందు తన చోటులో నిలబడి తలుపు వైపు చూసింది. బస్సు ఆలస్యమేమో అనుకుంది. కాసేపటికి సాత్విక పక్కకొచ్చి చెవిలో చెప్పింది. “ఆంటీ, ఆమె పేరు రోటాల, గీ వారం డ్యూటీల లిస్టుల లేదు. ఏజెన్సీ మనిషి గదా, వద్దని ఒక్క మెసేజ్ పెడితే అయిపాయె. కారణం చెప్పాల్సిన పని గూడ లేదంట. ఎవరు చెప్పిన్రో ఏమో వాళ్ళకు.”

కాంతానికి ఆదివారం కంచంలో ఆగిపోయిన చలపతి చెయ్యి గుర్తొచ్చింది.

జంటలుగా నిలబడాల్సిన వాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఎవరు నిలబడతారు? నిలబడదామన్న మనిషే లేదు. ఇవోనా కళ్ళు దించుకుని ఒక ముద్ద ముందుకు లాక్కుంది, ఒక్కతే దులపడం మొదలుపెట్టింది. సాత్వికా అంతే. యంత్రం ఎవరికోసం ఆగుతుంది? కాంతం కూడా ఒక దుప్పటి లాగింది. రెండు కొసలు పట్టుకుని ఎత్తింది. ఎడమ చెయ్యి లేచింది, కుడి చెయ్యి లేవలేదు. దుప్పటి వంకరగా, ఒక రెక్క విరిగిన కొంగలా కొట్టుకుని, మళ్ళీ ముద్దగా బల్ల మీద పడింది. అలాగే రోలర్ల కిందికి తోసింది. ముడతల్తోనే ఇస్త్రీ అయి వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. భుజంలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది.

చలపతి దూరంగా నిలబడి టాబ్లెట్‌లో ఏదో చూసుకుంటున్నాడు. కాంతం పని ఆపి అతని దగ్గరికి వెళ్ళింది.

“సబీహాని నువ్వే తీశావా?”

“గట్టిగా మాట్లాడొద్దక్కా. ఆ మాట పైవాళ్ళ చెవిన పడితే ఎంత గొడవో తెలుసా? నేనెక్కడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. రోటాలో పేరు తీశానంతే. ఆవిడకీ అదే మంచిది, నాకూ అదే మంచిది.”

“ఇంకో చోట పని చూసుకోవాల్సింది ఆవిడ కదా. నీకేం, చేతులు దులుపుకున్నావు.”

“నా వీసా ఈ కంపెనీ మీదుందక్కా. రేపు లైను ఆగితే నన్ను పీకుతారు. పీకితే మూటాముల్లే సర్దుకోవాలి. నువ్వు బావగారి వీసా మీదున్నావు, నీకేం భయం?”

అది నిజమే. కాంతం తన చోటుకి తిరిగొచ్చింది. సబీహా నిలబడే చోట నేల ఎండిపోయి ఉంది. ఆవిడ ఉంటే పొద్దున్నించీ అక్కడ తడి చుక్కలు పడుతూనే ఉండేవి.

కాంతం ఇంకో దుప్పటి లాగింది. రెండు కొసలు పట్టుకుంది. అవతలి సగాన్ని బల్ల మీద, సబీహా వైపుకి పరిచింది. అట్లాగే నిలబడింది.

దులపలేదు. ఎత్తలేదు. పట్టుకుని నిలబడింది, అంతే. ఆవిడ వైపు రోలర్లు ఖాళీగా తిరుగుతున్నాయి. ఆవిరి ఊరికే లేస్తోంది. పక్క లైనులో ఇవోనా చెయ్యి ఆగింది. ఇవోనా ఒకసారి కాంతాన్ని చూసి, మరొకసారి ఆ ఖాళీ చోటుని చూసి, తన దుప్పటి అవతలి కొసల్ని సాత్విక ముందుకి విసిరింది. సాత్విక అందుకుంది.

కాంతానికి తెగింపేమీ రాలేదు. ధైర్యంతో నిలబడిందని ఎవరైనా అంటే నవ్వేసేది. ఇంక ఎత్తలేక నిలబడింది.

చలపతి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. “అక్కా, హాస్పిటల్ లారీ గేటు దగ్గరుంది. నా పరువు తియ్యమాక.”

“నేనేం చెయ్యట్లేదయ్యా. అవతలి కొసలు పట్టుకునే మనిషి కోసం చూస్తున్నా.”

“ఆవిడ రాదు.”

“అయితే నువ్వు పట్టు.”

అతను చుట్టూ చూశాడు. బయట లారీ హారన్ కొట్టింది. టాబ్లెట్ బల్ల మీద పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. సబీహా చోటులోకి వెళ్ళి రెండు కొసలు అందుకున్నాడు.

“ఎత్తు” అంది కాంతం.

ఎంబీఏ చదివినా చెయ్యి మర్చిపోలేదు. వాళ్ళమ్మతో బరకం దులిపిన చెయ్యి. ఒక్క ఊపున ఎత్తి ఒక్క ఊపున కొట్టాడు. ‘ఫట్’మంది. కాంతం భుజంలో మెరుపు మెరిసినట్టు నొప్పి లేచింది. అమ్మా, అని పైకే అంది.

“ఏమైందక్కా?”

“ఏం కాలేదు. ఇంకోటి తియ్యి.”

ఇంకోటి తీశాడు. ఇంకోటి. చెమటకి చొక్కా వీపుకి అంటుకుంది. కాంతం చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో అతనికి కనిపిస్తోంది. కనిపించి కూడా తన చెయ్యి అక్కడ ఆపుకోవడం చేతకావడం లేదు. ప్రతిసారీ ఎక్కువే లేస్తోంది. ప్రతిసారీ కాంతం పళ్ళు బిగబడుతున్నాయి.

“ఇన్నాళ్ళూ ఎట్టా చేశావక్కా ఈ చేత్తో?”

“ఆవిడ చేసింది.”

లారీ నిండేదాకా అతను అక్కడే ఉన్నాడు. తర్వాత ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. అద్దంలోంచి కనిపిస్తున్నాడు. ఎవరికో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, మధ్యలో తలొంచుకుని వింటున్నాడు. తిరిగొచ్చి కాంతం వైపు చూడకుండా అన్నాడు. “కొత్త మెషీన్ వచ్చేదాకా జంటలే ఉండమన్నారు. కొసలు పట్టుకునే క్లిప్పులుంటాయంట దానికి. అదొస్తే సగం మందే చాలంట.”

“సబీహా?”

“ఎల్లుండి వస్తది. ఏజెన్సీకి నేనే చెప్పా.” ఆగి, ఇంకా ఏదో అనబోయి, “పచ్చడి బాగుందక్కా” అని వెళ్ళిపోయాడు.

*

బుధవారం సబీహా వచ్చింది. నల్ల గుడ్డ సర్దుకుని, గౌను తగిలించుకుని, ఏమీ జరగనట్టు తన చోటులో నిలబడింది. గుడ్ మార్నింగ్ అంది. అది అందరితోనూ అంది.

కాంతం కొసలు అందుకోలేదు. అందుకునేముందు చెప్పెయ్యాలి. లేకపోతే ఆ బరువు కూడా దుప్పట్లోకే చేరుతుంది.

“సబీహా, ఆదివారం చలపతికి నేనే చెప్పాను.”

“తెలుసు. ఏజెన్సీ అమ్మాయి మెసేజ్ చూడగానే తెలుసు. ఆదివారాలు అతను మీ ఇంట్లో తింటాడని నువ్వే చెప్పావుగా.”

“నీ పేరు చెప్పలేదు.”

“పేరు చెప్పలేదు. కథ చెప్పావు.”

కాంతం తల దించుకుంది. “మా వాళ్ళలో ఇంట్లో తింటున్న మనిషి దగ్గర దాచకూడదు.”

“మా వాళ్ళలోనూ అంతే” అంది సబీహా. “అందుకే బూట్లేసుకుని వెళ్ళేముందు ఆ వారమంతా మా అన్న ఎవరింట్లోనూ తినలేదు.”

గంట మోగింది. రోలర్లు కదిలాయి. సబీహా ముద్దలోంచి దుప్పటి లాగి రెండు కొసలు కాంతం వైపు విసిరింది. గడ్డం ఎత్తింది. ఎత్తారు.

సబీహా చేతులు తలపైకి లేచాయి, నిండుగా, ఆ పొడుగు మనిషి ఎంత ఎత్తగలదో అంత. కాంతం కుడి చెయ్యి దారిలోనే ఆగిపోయింది. నొప్పి మెడ దాకా పాకింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. సబీహా రోలర్ల వైపే చూస్తోంది. బ్రేకులో ఇవోనా పక్కన కూర్చుంది. రొట్టె తిని, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. పెరట్లోకి పోలేదు. పావురం గుమ్మం దాకా వచ్చి చూసి పోయింది.

“ఆంటీ, ఇగ మాట్లాడదా మీతోని?” అంది సాత్విక గుసగుసగా.

“మాట్లాడకపోతే పోయె. ఎదురుగా నిలబడిందిగా” అంది కాంతం. అనగలిగింది గానీ టీ కప్పు నిండుగా అట్లాగే వదిలేసి లేచింది.

మధ్యాహ్నం దుప్పట్లు అయ్యాయి, మందపాటి బెడ్ కవర్లు మొదలయ్యాయి. ఇవి ఇంకా బరువు. వాన పడుతోందేమో, పైన రేకుల మీద ఒకటే చప్పుడు. ఎత్తడం, కొట్టడం, తొయ్యడం. ఎత్తడం, కొట్టడం. ఒకసారి కాంతం చేతిలోంచి కొస జారిపోయింది. వంగి తీసుకుంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పికో దేనికో ఆవిడకే తెలియదు. భుజంతో మొహం తుడుచుకోబోయింది. ఆ భుజం లేవలేదు. ఎడమ భుజంతో తుడుచుకుంది.

కొస బిగించి పట్టుకుని, పళ్ళు బిగించి, ఎత్తింది.

ఈసారి మెరుపు రాలేదు. చెయ్యి ఎప్పుడూ ఆగే చోటే ఆగింది, బట్ట మాత్రం దాన్ని పైకి గుంజలేదు. కాంతం తలెత్తి చూసింది. అవతల సబీహా మోచేతులు మడిచి ఉన్నాయి. నడుం కొంచెం వంగి ఉంది. మొహం పక్కకి తిప్పుకుని రోలర్ల వైపే చూస్తోంది. గడ్డం దించింది.

కాంతం కొట్టింది.